సున్నం తొక్కిన దొర

వీరభూపతి దొర ఇంట్లో ఏటా ఏదో ఒక కట్టడం పని. సున్నం రుబ్బే గానుగ కొనాలా వద్దా అన్నది మాత్రం పదేళ్ళుగా తేలలేదు. "ఎందుకు దండగ? తొక్కితే కాళ్ళు గట్టిపడతాయి," అనేవాడు దొర. ఆ సున్నం తొక్కి తొక్కి కూలివాడు ఎర్రయ్య కాళ్ళు పుళ్ళు పడ్డాయి, నడక పోయింది.

దొర తల్లి కన్నుమూసింది. సమాధి కట్టే రోజున ఎర్రయ్య పెళ్ళాం పోలమ్మ ఊరందరి ముందూ అంది: "అమ్మగారి సమాధికి సున్నం తమరే తొక్కండి దొరా. పుణ్యం వస్తుంది, కాళ్ళూ గట్టిపడతాయి."

కాదనలేక సున్నపు గుంటలోకి దిగాడు దొర. పొద్దెక్కకముందే కేకలు పెడుతూ బయటపడ్డాడు.

వారం తిరక్కుండా గానుగ వచ్చింది. పోలమ్మ మొగుణ్ణి వీపున మోసుకొచ్చి చూపించింది. గాడిలో రాతి చక్రం సున్నం రుబ్బుతుంటే, ఎద్దులు గట్టు మీద నడుస్తున్నాయి.

ఎర్రయ్య చాలాసేపు చూశాడు.

"ఎద్దుల కాళ్ళకి సున్నం తగలనివ్వట్లేదే," అన్నాడు.