పీపా బిరడా

సోమలమ్మ రాగులు పులియబెట్టి చేసిన కల్లును రెండు చిన్న పీపాల్లో పోసి, బిరడాలు బిగించి రాజుగారి విందుకు తెచ్చింది. వంటశాల అధికారి భుజంగరాయుడు ఆమెను పక్కకు నెట్టి, "ఇది నా తయారీ, ప్రభూ," అన్నాడు.

"చేసినవారికి పోయడమూ తెలిసుంటుంది. ముందు అయ్యగారినే పొయ్యమనండి, మహారాజా," అంది సోమలమ్మ.

భుజంగరాయుడు బిరడా పట్టి ఒక్కసారిగా లాగాడు. కల్లు బుస్సున ఎగజిమ్మి అతన్ని తలపాగాతో సహా తడిపేసింది.

సోమలమ్మ రెండో పీపా బిరడాను కొంచెం వదులు చేసి, లోపలి గాలి సుయ్‌మంటూ పోయేదాకా ఆగింది. తర్వాత లోటా వంచి పట్టి, చుక్క ఒలకకుండా నింపి రాజుకిచ్చింది.

రాజు తాగి, "ఇతనికేం శిక్ష వెయ్యమంటావు?" అనడిగాడు.

"శిక్షెందుకు, ప్రభూ? ఒళ్లంతా తడిసినా పాపం గొంతు ఎండే ఉంది. ఆయనకూ ఓ లోటా పోస్తాను."