చుక్క చుట్టూ తిరిగే లోకం

గండిమడుగు అడవిలో కుందేళ్లు, ముళ్లపందులు, దుప్పులు, చిలకలు, పావురాలు కలిసి బతికేవి. అక్కడి పక్షులకు ఉగ్రపక్షుడనే గద్ద రాజు. అది ఎగిరినంత ఎత్తు మరే పక్షీ ఎగరలేదు. ఆ సంగతిని అది రోజూ అందరికీ గుర్తు చేసేది.

అదే అడవిలో విశాలనేత్ర అనే గుడ్లగూబ ఉండేది. దానికి చుక్కలను గమనించడం అలవాటు. ఆకాశంలో ఒక ఎర్రని చుక్క అప్పుడప్పుడు కాస్త మసకబారి మళ్లీ వెలిగేది. గుడ్లగూబ చాలాకాలం ఓపికగా చూసింది. ఆ మసక ప్రతిసారీ ఒకే విరామంతో వస్తోంది. మిణుగురు ముందు నుంచి చీమ నడిస్తే వెలుగు తగ్గుతుంది కదా! అలాగే ఆ చుక్క ముందు నుంచి ఒక లోకం నడుస్తోందని అది తెలుసుకుంది.

ఆ ఏడు వానలు పడలేదు. వాగు ఎండిపోయింది. మడుగు అడుగున బురద మాత్రం మిగిలింది. ఏం చేయాలో తోచక జంతువులన్నీ ఒక పాత టేకుచెట్టు కింద చేరాయి. అప్పుడు గుడ్లగూబ తాను కనుగొన్నది చెప్పింది.

"ఆ లోకం తన చుక్కకు మరీ దగ్గరగా లేదు, మరీ దూరంగానూ లేదు. అక్కడ నీళ్లంటూ ఉంటే మరిగిపోవు, గడ్డకట్టిపోవు. ప్రాణులు బతికే వీలు ఉండవచ్చు."

గద్ద రెక్కలు విప్పి లేచింది. "విన్నారా? అక్కడ నీళ్లున్నాయట! నేను మిమ్మల్ని తీసుకువెళతాను. ఆ లోకానికి ఉగ్రవనం అని పేరు పెడతాను."

"రాజా, నీళ్లుంటే అన్నాను. ఉన్నాయని అనలేదు. నేను చూసింది దాని నీడను మాత్రమే" అంది గుడ్లగూబ.

ఆ గుంపులో హిమవతి అనే ముసలి బాతు ఉంది. అది ఏటా మంచుకొండలు దాటి ఈ అడవికి వచ్చేది. ఈసారి రెక్క నొప్పి చేసి, తన వారితో తిరిగి వెళ్లలేక ఇక్కడే ఉండిపోయింది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుంది" అంది బాతు. "మంచుకొండల మీదకు వెళ్లేసరికే గాలి పలచబడుతుంది నాయనా. రెక్క ఆడించినా పట్టు దొరకదు. ఇంకా పైకి పోతే గాలే ఉండదేమో. గాలి లేనిచోట రెక్కలెందుకు?"

"దూరం కూడా చూసుకోవాలి" అంది గుడ్లగూబ. "వెలుగును మించి పరుగెత్తేది ఏదీ లేదు. ఆ చుక్క నుంచి ఈ రోజు మనకు చేరిన వెలుగు, ఈ టేకుచెట్టు మొలకగా ఉన్నప్పుడు బయలుదేరింది. మనం వెళితే మనం చేరం. మన మనవల మనవలకు కూడా అందదేమో."

"పిరికివాళ్లకే అడ్డంకులు కనిపిస్తాయి" అని గద్ద నవ్వింది. "దారిలో తినడానికి ఏమైనా తీసుకుందామా?" అని ఒక చిలక అడిగితే, "ఎందుకు? అక్కడే తిందాం" అంది.

చుక్కలు పొడిచే వేళకు గద్ద ఎగిరింది. చాలా చిలకలు దాని వెంట వెళ్లాయి. మబ్బులు దాటగానే చిలకలకు ఊపిరి అందలేదు. కొన్ని వెనక్కి తిరిగాయి. కొన్ని ఎక్కడ పడ్డాయో ఎవరికీ తెలియలేదు. గద్ద మాత్రం ఆగలేదు. దాని ఈకల మీద మంచు పేరుకుంది. రెక్కలు ఎంత ఆడించినా ఒంటిని మోయలేదు. కళ్లు చీకట్లు కమ్మి అది రాళ్ల మీద పడింది.

ఇక్కడ మిగిలిన జంతువులు బాతునడిగాయి. "అవ్వా, ఆ లోకానికి ఎప్పటికీ వెళ్లలేమా?"

"వెళ్లాలంటే ముందు దారిలో బతకడం నేర్చుకోవాలి. తరాల తరబడి, ఉన్న నీటితోనే, పండించుకున్న గింజతోనే బతకాలి. అది ఇక్కడ చేతనైతేనే అక్కడి మాట."

"అయితే ఇక్కడే మొదలుపెడదాం" అంది గుడ్లగూబ.

కొండలో ఒక పెద్ద గుహ ఉంది. దాని లోపల చిన్న చెలమలో ఇంకా నీరు ఊరుతోంది. ముళ్లపందులు ఆ పక్కనే మన్ను తవ్వి మడులు చేశాయి. పావురాలు కొర్ర గింజలు తెచ్చి చల్లాయి. అందరూ లోపలికి చేరాక, తేమ బయటకు పోకుండా దుప్పులు గుహ మూతిని మోదుగ కొమ్మలతో కప్పి, సన్నని వెలుగు పడేంత సందు వదిలాయి. తడిమన్ను నుంచి లేచిన ఆవిరి రాతికప్పుకు తగిలి చుక్కలుగా జారేది. ఆ చుక్కలను దొప్పల్లో పట్టి మళ్లీ మడులకు పోసేవారు. పేడ ఎరువైంది. ఎవరి వంతు నీరు వారు తాగారు.

మొదట మొలకలు కుళ్లాయి. గాలి సరిపోక కుందేళ్లు సొమ్మసిల్లాయి. సందు పెద్దది చేసి, మళ్లీ విత్తారు. ఈసారి కొర్ర వెన్నులు వేసింది.

ఒకరోజు పావురాలు రాళ్ల మధ్య పురుగులు ఏరుకుతింటూ బతుకుతున్న గద్దను చూశాయి. దాని రెక్క విరిగి ఉంది. గొంతు ఎండి మాట రావడం లేదు. దుప్పి దాన్ని వీపు మీద వేసుకుని గుహకు తెచ్చింది. బాతు తన వంతు నీటిని దానికి తాగించింది.

"నన్ను నమ్మి వచ్చిన చిలకలు..." అని గద్ద తల వంచుకుంది. తిరిగి వచ్చిన చిలకలు అక్కడే ఉన్నాయి.

బయట అడవి మోడైపోయింది. గుహలోని వారు ఆ కరువంతా దాటారు. వానలు పడ్డాక బయటకు వచ్చి, మిగిలిన గింజలతో కొత్త మడులు వేశారు. ఆ తరువాత ఏ పని తలపెట్టినా గుడ్లగూబనూ బాతునూ అడిగి చేశారు. ఆ ఇద్దరి మాట మీద, తరాల తరబడి బతికేందుకు వీలుగా గుహను మరింత పెద్దది చేసే పని మొదలైంది. ఉగ్రపక్షుడు మళ్లీ ఎగరలేదు. ముక్కుతో గుహ గోడ రాళ్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ అందరితో పాటు పని చేసింది.

నీతి: గమ్యం కనబడినంత మాత్రాన దారి తెలిసినట్టు కాదు. దారి కష్టాన్ని ఒప్పుకుని సిద్ధపడేవారి శ్రమ గమ్యం చేరకముందే ఫలిస్తుంది.