గేదెలంక మిషనుకి పట్టిన దెయ్యం

అనగనగా గేదెలంక అని ఓ ఊరమ్మా. మనుషులు నాలుగొందలు, గేదెలు వెయ్యి. ఆ ఊళ్ళో పాలకేంద్రం, పాలకేంద్రంలో ఓ కంప్యూటరు. పాలు కొలవాలన్నా, వెన్న శాతం చూడాలన్నా అదే దిక్కు. కానీ పొద్దున్నే మీట నొక్కితే లేవడానికి ముప్పావుగంట! ఈలోగా పాలు తీసుకెళ్ళే డెయిరీ వ్యాను వెళ్ళిపోయేది, పాలు విరిగిపోయేవి. ఇలాగైతే నెలాఖరుకి కేంద్రం ఎత్తేస్తామన్నారు డెయిరీ వాళ్ళు. ఊ కొట్టండర్రా, గోడకి చెబుతున్నట్టుంది!

కేంద్రం పెద్ద బుల్లెబ్బాయి గారు. అరవయ్యేళ్ళొచ్చినా బుల్లెబ్బాయే. మీగడ మీద ఆశతో పోయిన తన మేనత్తే మిషన్ని పట్టిందని తేల్చేసి, భూతవైద్యుణ్ణి తెచ్చాడు. వాడు దాని నెత్తిన నిమ్మకాయ పిండాడు. మిషను ఇంకాస్త బద్ధకించింది.

ఆయన కోడలు హైమ కంప్యూటరు చదువు చదివింది. మామగారి ముందు నోరెత్తడానికి బెరుకే. కానీ విరిగిన పాలు కాలవలో పారబోస్తున్న ఆడవాళ్ళ మొహాలు చూడలేకపోయింది. వెళ్ళి మిషనుకి చెవి ఆనించింది. కిర్రు, కిర్రు, మళ్ళీ అదే కిర్రు. ఇది ఒకే చోటికి పదేపదే తిరుగుతోందని పట్టేసింది.

మిషన్ని నిద్రలేపడానికి లోపల ఓ చిట్టి ప్రోగ్రాము ఉంటుందిట. అది డిస్కులోంచి పెద్ద ప్రోగ్రాముని ముక్కముక్కగా మోసుకురావాలి. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టీ కూడా ఆ డిస్కులోనే. ఆ మొద్దుమొహంది ఏం చేస్తోందీ? ముక్కకోసారి వెళ్ళి పట్టీ చదువుతోంది. చదివింది, మర్చిపోయింది, మళ్ళీ వెళ్ళింది. ఆవాలకోసారి కొట్టుగదికి, జీలకర్రకోసారి కొట్టుగదికి, మెంతులకోసారి కొట్టుగదికి!

చదివిందల్లా మెమరీలో దాచుకో, పక్కనున్న ముక్కలూ ఒకేసారి పట్టుకొచ్చెయ్ అని హైమ దాన్ని మార్చి రాసింది. మర్నాడు మీట నొక్కితే మిషను అసలే లేవలేదు.

"ఉన్న దెయ్యాన్ని కూడా చంపేశావు కదమ్మా!" అన్నాడు మామగారు. పాలబిందెలు పట్టుకున్నవాళ్ళంతా నవ్వారు. హైమకి కళ్ళనీళ్ళు తిరిగాయి, అయినా అక్కణ్ణుంచి కదల్లేదు. తీరా చూస్తే మెమరీ చారెడు, దాచింది కొండంత. చోటు నిండితే ఎప్పట్నించో వాడకుండా పడున్నది తీసెయ్యమని ఇంకో మాట చేర్చింది.

"మామయ్యగారూ, ఇప్పుడు నొక్కండి."

నొక్కాడు. తువ్వాలు భుజాన సర్దుకునేలోగా మిషను లేచి కూచుంది! వ్యాను వచ్చేసరికి పాలన్నీ కొలిచేసి, ఆలస్యమైందని డ్రైవరుకే చీవాట్లు పెట్టారు. కేంద్రం నిలిచింది. బుల్లెబ్బాయి గారు కోడల్ని తన కుర్చీలో కూచోబెట్టి, "రేపట్నించి మీట నువ్వే నొక్కమ్మా, నాకు భయం" అన్నాడు.

అంచేత నాయనా, మంచినీళ్ళకోసారి, దుప్పటికోసారి, ఉచ్చకోసారి నన్ను లేపకండి. అన్నీ ఇప్పుడే ఒక్కసారిగా కానిచ్చెయ్యండి. కథ కంచి బస్సెక్కింది, నేనింక గుర్రు పెడతాను.