ఊరకే కూర్చున్న పైడమ్మ

కొండవరం రాజుగారికి ఒకటే చింత. ఆయన సాము గురువులు ఒక్కో శిష్యుణ్ణి చక్కగా తీర్చిదిద్దుతారు, గుంపును మాత్రం నడపలేరు. ఆ విద్య నేర్పమని రాజగురువుకూ, కోలాటం నేర్పే పైడమ్మకూ ఆ సాము గురువులనే చెరో జట్టుగా అప్పగించి, బురుజు మీదికి చెరో నగారా ఎక్కించమన్నాడు.

రాజగురువు అడుగడుగునా చెబుతూ ఎక్కించాడు. పైడమ్మ "ఎలా ఎక్కిద్దాం నాయనలారా?" అని తన జట్టును అడిగి, వక్క నములుతూ కూర్చుంది. జట్టువాళ్లే వాదులాడుకుని, దారి కనిపెట్టి ఎక్కించారు.

"ఈమె నేర్పిందేముంది? ఊరకే కూర్చుంది!" అన్నాడు రాజగురువు.

"కోలాటంలో ఆడేవాళ్ల కోలలు ఒకదానికొకటి తగలాలి ప్రభూ, నా కోల కాదు," అంది పైడమ్మ. "రేపు మేమిద్దరం లేకపోతే నగారాలు ఎలా దించుతారో వాళ్లనే అడగండి."

రాజు అడిగాడు. పైడమ్మ జట్టు అప్పుడే తాళ్ల సంగతి మాట్లాడుకోసాగింది. రెండో జట్టు మొత్తం రాజగురువు ముఖంలోకి చూసింది.