కొంగుముడిలో గంటసేపు

దాలినాయుడింట్లో ఉండేది ముగ్గురు. ముగ్గురికీ తెలివి ఎక్కువే. అయినా ఊళ్ళో ఎవరూ వచ్చి సలహా అడిగేవారు కాదు. అంత తెలివి మోయలేమని భయం కాబోలని దాలినాయుడు వాళ్ళ మీద జాలిపడేవాడు.

అలాంటివాడికి పాలకేంద్రం వాళ్ళు వ్యాను డ్రైవరు ఉద్యోగం ఇస్తామన్నారు. లైసెన్సు తెస్తేనే. కారు నేర్పిన మాస్టారు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు: టెస్టులో టైమే ముఖ్యం, ఒక్క నిమిషం వృథా చెయ్యకు, గడియారం మీద ఓ కన్నేసి ఉంచు.

ఇంకేముంది, ఇల్లంతా కూర్చుని ఆలోచించారు. చెయ్యాల్సినవన్నీ ముందే చేసేస్తే అక్కడ టైం మిగులుతుందని భార్య చిన్నమ్మి కనిపెట్టింది. తెల్లారగానే మాస్టారి కారు వాకిట్లో పెట్టుకుని దాలినాయుడు కుడివైపు చెయ్యి చూపించాడు, ఎడమవైపు చూపించాడు, ఆ రోజుకి సరిపడా హారన్ కొట్టేశాడు. వీధికుక్కలు ఊరు దాటిపోయాయి. అన్న తవిటినాయుడు గోడగడియారం ఊడదీసి చంకన పెట్టుకున్నాడు.

టెస్టు మైదానంలో బ్రేకు ఇనస్పెక్టరు పక్కసీట్లో కూర్చుని మిగతావాళ్ళను దింపేశాడు. గడియారం దిగిపోతే కన్నెక్కడ వెయ్యాలి? అందుకని తవిటినాయుడు దాన్ని ఎత్తిపట్టుకుని కారు పక్కనే పరుగెత్తాడు. దాలినాయుడు దాన్నే చూస్తూ నడిపాడు. ఇనస్పెక్టరు ఎడమకు తిప్పమంటే తిప్పాడు. చెయ్యి చూపించలేదేమని ఆయన అడిగాడు.

“ఇంటికాడే సూపించీసొచ్చినాను బాబూ. మా ఆడది సాచ్చీకం.”

ఎదురుగా గేదె వచ్చింది. హారన్ కొట్టమన్నాడాయన. అదీ ఇంటి దగ్గరే అయిపోయిందని దాలినాయుడు వినయంగా మనవి చేసుకున్నాడు. అంతే. గేదె తెలివైంది కాబట్టి అదే తప్పుకుంది, కారు వెళ్ళి హద్దుకర్రలన్నీ పడగొట్టింది. ఈలోగా తవిటినాయుడు ఆయాసంతో కూలబడ్డాడు. దాలినాయుడు టక్కున బ్రేకు వేశాడు. ఎందుకాపావని అడిగితే నిజమే చెప్పాడు.

“గడియారం అలిసిపోనాది బాబూ.”

ఇనస్పెక్టరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. సోమవారం పదింటికి రా, అదే ఆఖరు, ఆలస్యమైతే లోపలికి రానివ్వనన్నాడు. పాలకేంద్రం వాళ్ళూ సోమవారం దాకానే ఆగుతామన్నారు. ఆ ఉద్యోగం మీద దాలినాయుడికి నిజంగానే ప్రాణం. తెల్లచొక్కా కూడా కుట్టించుకున్నాడు పాపం.

సోమవారం తయారై చూస్తే తొమ్మిదయింది. ఇంకా గంట ఉంది. ఆ గంట కాస్తా దారిలో ఖర్చయిపోతుందేమోనని చిన్నమ్మి గడియారంలోంచి బ్యాటరీ తీసి కొంగున ముడేసింది. అంతే, టైం భద్రం. ఇక తొందరేముంది? తీరుబడిగా చద్దన్నం తిన్నారు. తవిటినాయుడు కంటినిండా నిద్రపోయాడు. కారు మాస్టారే మైదానానికి తెస్తానన్నాడు కాబట్టి, తవిటినాయుడు లేచాక ముగ్గురూ నడుచుకుంటూ బయల్దేరారు.

వెళ్ళేసరికి మైదానం గేటుకి తాళం. మాస్టారూ లేడు, కారూ లేదు. దాలినాయుడు అన్న చంకలోని గడియారం చూశాడు. తొమ్మిదే. తొమ్మిదింటికే చీకటి పడుతోందేమిటని తవిటినాయుడు అనుమానపడితే, మబ్బేసిందని చిన్నమ్మి తేల్చేసింది. గేటు తీస్తారని అక్కడే కూర్చున్నారు.

అంతలో పాలకేంద్రం వ్యాను వచ్చింది. లోపల కొత్త డ్రైవరు, తెల్లచొక్కా. మలుపులో హారన్ కొట్టి, చెయ్యి చూపించి తిరిగాడు. వాణ్ణి చూస్తే దాలినాయుడికి జాలేసింది.

“ఎర్రిబాగులోడు. ఇయన్నీ ఇంటికాడే సేసుకొచ్చుంటే, ఆడికీ మనలాగ టైం మిగిలుండును.”