మాంత్రికుడికి దిష్టి తీసిన రాకుమారుడు

వినండర్రా. మా తాతల తాతలకంటే ముందు నీలగట్టు రాజ్యాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల కరాళకేశుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడికేం పోయేకాలం వచ్చిందో, నీలగట్టు మీది మబ్బులన్నిటినీ పట్టి కుండలో కుక్కి మూత పెట్టేశాడు. మూడేళ్ళు చినుకు లేదు. పశువులు పోయాయి, మనుషులు పోయేలా ఉన్నారు.

పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, రాయైపోయాడు. రెండోవాడు గద పట్టుకుని వెళ్ళాడు, వాడూ రాయైపోయాడు. మూడోవాడు ఉదయసేనుడు. "అన్నల్నీ తెస్తాను, వాననీ తెస్తాను నాన్నగారూ" అని చద్దిమూట కట్టుకుని బయలుదేరాడు. ఏడు సముద్రాలూ దాటి మాంత్రికుడి కోటలో అడుగుపెట్టాడు.

అక్కడ పంజరంలో ఒక చిలక ఉంది. మాంత్రికుడి ప్రాణం ఇందులోనే ఉంటుందని చెయ్యి చాపాడు.

"ఆగు నాయనా. వచ్చిన ప్రతివాడూ నా పీక పిసకడానికే వస్తాడు," అంది చిలక విసుగ్గా. "వాడి ప్రాణం నాలో లేదు. పుట్టి నూరేళ్ళయినా వాడి కంట చుక్క నీరు రాలేదు, బలమంతా అందులోనే ఉంది. ఏడ్చాడా, ఆ రోజుతో మంత్రాలు సరి."

మనవాడేం తక్కువవాడా? చద్దిమూటలో ఉప్పూ, ఎండుమిరపకాయలూ ఉన్నాయి. నిప్పుల్లో వేస్తే ఆ ఘాటుకి ఎంతటివాడైనా ఏడవాల్సిందే. నేరుగా మాంత్రికుడి ముందుకు వెళ్ళి దండం పెట్టాడు.

"అయ్యా, లోకం కళ్ళన్నీ మీ మీదే. ఎవరైనా ఎప్పుడైనా మీకు దిష్టి తీశారా?"

"నాకెవరు తీస్తారు? పుట్టగానే అడవిలో పారేశారు."

"అయితే కూర్చోండి, నేను తీస్తాను."

మాంత్రికుడికి వింతగా అనిపించింది, కూర్చున్నాడు. ఉదయసేనుడు ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి, వాళ్ళమ్మ తనకు తీసినట్టే, తల చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో పడేశాడు.

చిటపటలాడాయి. ఘాటు మాత్రం రాలేదు. నిజంగా దిష్టి ఉంటే ఘాటు రాదు కదా, ఇది నూరేళ్ళ దిష్టి మరి. ఇక తనూ రాయే అనుకుని ఉదయసేనుడు తలెత్తి చూశాడు.

మాంత్రికుడు ఏడుస్తున్నాడు.

"ఘాటు రాలేదు చూశావా అబ్బాయీ? నాకింత దిష్టి ఉందా? అయితే నన్ను కూడా ఎవరో ముచ్చటపడి చూశారన్నమాట!"

అంతే, కుండ పగిలింది. మబ్బులు నీలగట్టు దారి పట్టాయి. రాళ్ళుగా ఉన్న అన్నలు లేచి ఒళ్ళు దులుపుకున్నారు. మాంత్రికుడి కాళ్ళు వేళ్ళై నేలలో దిగాయి, జడలు కొమ్మలై కిందికి వాలాయి. ఆకు ఆకుకీ నీళ్ళు కారుతున్నాయి.

అన్నలు ఆ చెట్టు మీదికి కత్తీ, గదా ఎత్తారు. ఉదయసేనుడు అడ్డం నిలబడ్డాడు. "దిష్టి తీశానంటే నా ఇంటివాడే. ముట్టుకోకండి."

ఒక కొమ్మ తెచ్చి నీలగట్టులో నాటాడు. తన పెళ్ళినాడు మొదటి దిష్టి ఆ చెట్టుకే తీయించాడు. చల్లగా అరవై ఏళ్ళు ఏలాడు.

ఇప్పటికీ ఎవరైనా ఆ చెట్టును చూసి "పాపం, ఏడుస్తోంది" అంటే మావాళ్ళు ఊరుకోరు. "ఏడుపు కాదండీ, గర్వం" అంటారు.