కొండ కూతురి అప్పగింతలు

అనగా అనగా, కొండలు ఇంకా మౌనం పట్టని కాలంలో, మణిగిరి రాజ్యం పొలిమేరన నల్లకొండ అని ఒక కొండ ఉండేది. ఎంత ఎత్తు కొండ అనుకున్నారు? దాని నెత్తిన కూర్చున్న గద్ద కిందికి చూస్తే మబ్బుల వీపులు కనిపించేవి. ఆ కొండ పాదాల దగ్గర ఒక ఊట. ఆ ఊట నీళ్లు తాగి బతికే ఊరు వడ్డెపల్లె. అక్కడ ఆడా మగా అందరూ రాళ్లు కొట్టేవాళ్లే.

ఆ పల్లెకు పెద్ద తిప్పమ్మ. ముందు ఆమె గొంతు సంగతి చెప్పాలి. తిప్పమ్మ వాకిట్లో నిలబడి తన కోడిని పిలిస్తే పక్క రాజ్యంలో కోళ్లు కూడా బయలుదేరేవి. ఆమె సమ్మెట ఎత్తి ఒక్క దెబ్బ వేస్తే బండ రెండు చెక్కలయ్యేది. ఆ చప్పుడు విని ఆకాశంలో ఉరుము సిగ్గుపడి నోరు మూసుకునేది.

అంతటి తిప్పమ్మ కూడా కొండను అడగకుండా ఒక్క గులకరాయి తీసేది కాదు. వడ్డెపల్లె వాళ్లకు కొండ తల్లి, రాళ్లు ఆమె కూతుళ్లు. రాయి కావాలంటే పిల్లను అడిగినట్టే అడగాలి. పసుపు, కుంకుమ, గాజులు పళ్లెంలో పెట్టుకుని వెళ్లి, "మీ అమ్మాయిని ఫలానా ఇంటికి తిరగలిగా అడుగుతున్నాం, ఫలానా వాకిటికి గడపగా అడుగుతున్నాం" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కొండకు నచ్చితే ఊ అంటుంది. అప్పుడు ఎంతటి రాయైనా దూదిపింజలా లేచి వస్తుంది. నచ్చకపోతే ఏమవుతుందో, ఆ సంగతే ఇప్పుడు వినబోతున్నారు.

మణిగిరిని ఏలే రాజు రణకేసరి. ఒకసారి వాగు అవతల ఉన్న పక్క రాజ్యం మీదికి దండెత్తి వెళ్లాడు. వెళ్లినదానికన్నా వేగంగా తిరిగి వచ్చాడు. వస్తూనే, "గెలిచాం. కోట ముందు జయస్తంభం నిలబెట్టాలి" అన్నాడు. ఎలాంటి రాయి కావాలి? నల్లకొండ నడుమన నిలువుగా ఒక రాయి ఉండేది. తాటిచెట్టంత పొడవు, అద్దమంత నునుపు. రాజు కన్ను దాని మీద పడింది.

ఇక చూడండి. కోటలోని ఏనుగులన్నీ కదిలి వచ్చాయి. రాయికి ఇనుప గొలుసులు కట్టారు. మావటీలు కేకలు పెట్టారు. ఏనుగులు లాగాయి. వాటి కాళ్ల కింద నేల చాపలా మడతలు పడింది. రాయి మాత్రం కదల్లేదు. గొలుసులన్నీ ఒక్కసారే తెగాయి. పట్టపుటేనుగు వెల్లకిలా పడి, లేచి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుంది.

తిప్పమ్మ చూసింది. పకపకా నవ్వింది.

"అడగకుండా జుట్టు పట్టి ఈడిస్తే ఏ తల్లి పిల్లను పంపుతుంది దొరా?"

రాజు ముఖం కందగడ్డ అయింది. "అయితే నువ్వే అడుగు. రేపు పొద్దు గూకేలోగా ఆ రాయి నా కోట ముందు ఉండాలి. లేకపోతే ఈ కొండ చుట్టూ కట్టెలు పేర్చి నిప్పు పెట్టిస్తాను. కాలిన బండల మీద నీళ్లు పోయిస్తే కొండ ముక్కలవుతుంది. నాకు కావలసిన ముక్క ఏరుకుంటాను."

తిప్పమ్మ నవ్వు ఆగిపోయింది. నిప్పూ నీళ్లూ కలిస్తే ఎంతటి బండైనా పగులుతుందని రాళ్లు కొట్టేవాళ్లకు తెలుసు. కొండ పగిలితే ఊట పోతుంది. ఊట పోతే పల్లె పోతుంది.

మంత్రి మెల్లగా ఆమె పక్కకు చేరాడు. "జయస్తంభం అంటే ఇవ్వదేమో తిప్పమ్మా. దేవుడి విగ్రహానికని చెప్పరాదూ. రాయిరప్పలకు ఏం తెలుస్తుంది?"

తిప్పమ్మ పుట్టి బుద్ధెరిగాక కొండతో అబద్ధమాడలేదు. కానీ అప్పటికే కట్టెల బళ్లు బారులు తీరి వస్తున్నాయి. మర్నాడు పొద్దున్నే పళ్లెం పట్టుకుని కొండెక్కింది.

"వదినా, బాగున్నావా?"

"ఏం బాగు మరదలా. నిన్న ఎవరో ఏనుగులతో వచ్చి నా నడుం పట్టేట్టు లాగారు" అంది కొండ.

"పిల్లకు సంబంధం తెచ్చాను."

"ఎవరింటికి?"

ఏడూళ్లకు వినిపించే తిప్పమ్మ గొంతు ఆ రోజు చీమకు కూడా వినపడనంత సన్నబడింది. "దేవుడింటికి వదినా. విగ్రహం చేస్తారట."

కొండ పొంగిపోయింది. ఆ సంతోషానికి ఎండిన మోదుగ చెట్లు కూడా ఒక్కసారిగా పూశాయి. రాయి తన చోటు వదిలి, తల వంచుకుని, జారుడుబండ మీద పిల్లలా జర్రున కిందికి వచ్చింది. దుంగల మీదికి ఎక్కించగానే తనంతట తానే దొర్లింది. మంత్రి ముందు నడుస్తూ తాడు కొస పట్టుకుని తానే లాగుతున్నట్టు మీసం దువ్వాడు.

పల్లె పొలిమేర దాటుతుండగా దండోరావాడు డప్పు మోగించాడు. "వినండహో. మన రాజుగారి జయస్తంభం వస్తోందహో."

రాయి ఆగింది.

"ఏ స్తంభం?" అంది.

దండోరావాడు మళ్లీ అదే మాట అరిచాడు. అంతే, రాయి గిర్రున వెనక్కి తిరిగింది. పుట్టింటికి పరుగు పెట్టింది. దుంగలు గాలిలోకి లేచాయి. బంటులు చెల్లాచెదురయ్యారు. మంత్రి తాడు వదలడం మరిచిపోయాడు. తుమ్మకొమ్మకు తలపాగా, చీమలపుట్టకు చెప్పు సమర్పించుకుంటూ కొండ నడుమ దాకా వెళ్లి, అక్కడ ముళ్లపొదలో కూర్చున్నాడు.

"తిప్పమ్మా" అంది కొండ. ఆ పిలుపులో మరదలు లేదు.

రాజు దివిటీ తెప్పించాడు. కొండ చుట్టూ కట్టెలు ఇంటెత్తున పేర్చి ఉన్నాయి. బంటు దివిటీ ఎత్తేసరికి తిప్పమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది.

"జరుగు" అన్నాడు రాజు.

"జరగను దొరా." ఆమె కొండ వైపు తిరిగింది. ఇప్పుడు ఆమె గొంతు విని సముద్రం మీద పోతున్న ఓడలు కూడా ఆగాయి. "అవును వదినా, అబద్ధం చెప్పాను. నిన్ను కాలుస్తానంటే భయపడి చెప్పాను. తప్పు నాదే. కోపముంటే నా మీద ఒక బండ దొర్లించు. పల్లెకు ఊట మాత్రం ఆపకు."

గాలి కూడా నిలబడి విన్నది.

"నిన్ను తొక్కడానికి నా పిల్లల్లో ఒక్కతీ ఒప్పుకోదులే" అంది కొండ. "అడిగే ఇంటి పెద్దను రమ్మను. తనే వచ్చి, తన నోటితో చెప్పమను."

"రాజు వెళ్లి రాయిని బతిమాలడమా?" అన్నాడు రణకేసరి.

"నిప్పు ఎక్కడికీ పోదు దొరా. ముందు పిల్లను అడగండి. చెప్పులు విప్పండి, ఈ పళ్లెం పట్టుకోండి."

రాజు చెప్పులు విప్పాడు. పళ్లెం పట్టుకున్నాడు. వెనక సైన్యమంతా చూస్తోంది.

"ఏమయ్యా, నా పిల్లను దేనికి అడుగుతున్నావు?" అంది కొండ.

"జయస్తంభానికి."

"ఎవరిని గెలిచావు?"

రాజు వెనక్కి చూశాడు. ఆ దండయాత్రకు వెళ్లిన వాళ్లందరూ అక్కడే ఉన్నారు. అందరూ తమ కాలి బొటనవేళ్లు చూసుకుంటున్నారు.

"ఎవరినీ గెలవలేదు తల్లీ" అన్నాడు రాజు. "వాగులో దిగగానే వరద వచ్చింది. మేం ఇటు పరుగెత్తాం, వాళ్లు అటు పరుగెత్తారు. నా గుర్రం జారి నేను మునిగిపోతుంటే, అవతలి సైన్యంలో వంటవాడు గరిటె కాడ అందించి ఒడ్డుకు లాగాడు."

కొండ నవ్వింది. ఎంత నవ్విందంటే, దాని మీది కోతులన్నీ చెట్లు పట్టుకుని ఊగిపోయాయి. "అబద్ధం మోయడానికి నా పిల్లను ఇవ్వను" అంది. "ఇంకేమైనా నిజమైన అవసరముంటే అడుగు."

రాజు వాగు వైపు చూశాడు. "ఆ వాగు మీద వంతెన లేదు. వాన వచ్చినప్పుడల్లా ఇటువాళ్లో అటువాళ్లో కొట్టుకుపోతున్నారు. మీ అమ్మాయిని వంతెనగా అడుగుతున్నాను."

కొండ కూతురి వైపు చూసింది.

"వెళ్తానమ్మా" అంది రాయి.

ఇక ఆ సందడి ఏం చెప్పను. పేర్చిన కట్టెలతో పొయ్యిలు వెలిగించి పాయసాలు వండారు. తిప్పమ్మ రాయికి పసుపు పూసి, గాజుల దండ వేసి, ఒడిబియ్యం పోసింది. అప్పగింతలప్పుడు వదినా మరదళ్లు ఒకరిని పట్టుకుని ఒకరు ఏడ్చిన ఏడుపుకు ఊట పొంగి పల్లెలో బావులన్నీ నిండాయి. రాయి కదిలింది. ఎంత జోరుగా వెళ్లిందంటే, సాగనంపడానికి వచ్చిన ఏనుగులు రొప్పుతూ వెనకబడ్డాయి. వెళ్లి వాగు మీద ఈ ఒడ్డున తల, ఆ ఒడ్డున పాదం ఆనించి హాయిగా పడుకుంది.

అవతలి రాజు కత్తి దూసి పరుగెత్తుకొచ్చాడు. దండు వచ్చిందనుకుంటే వంతెన వచ్చింది. కత్తి ఒరలో పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ రాయి మీద మెత్తగా అడుగులు వేస్తూ ఇవతలికి నడిచాడు.

కొండదైనా, మనిషిదైనా, పరుల సొత్తు బలంతో లాగితే రాదు, అబద్ధంతో తెస్తే నిలవదు. నిజం చెప్పి అడిగితే తనంతట తానే నడిచి వస్తుంది.